కత్తి కంటే ముందు గింజల గిన్నె

బడ్జీ లావెక్కిందన్న సంగతి ఇంట్లోవాళ్లకు తొందరగా తెలియదు. కుక్క లావెక్కితే ఇంటికొచ్చిన చుట్టాలే చెబుతారు. పిల్లి లావెక్కితే అదో ముద్దు. అరచేతిలో ఇమిడే పక్షి విషయంలో మాత్రం ఈకలు అంతా కప్పేస్తాయి. గుండ్రంగా, బొద్దుగా ఉందంటే బాగా తింటోంది, హాయిగా ఉంది అనుకుంటాం. తీరా ఒకరోజు అది స్నానం చేసి తడి ఈకలు దువ్వుకుంటున్నప్పుడు రొమ్ము కింద శనగగింజంత బొడిపె కనిపిస్తుంది. పలచటి చర్మం కింద పసుపుపచ్చగా, మెత్తగా ఉంటుంది. అప్పటికి అది మొదలై నెలలు గడిచి ఉంటాయి.

మన దగ్గర ఈ పక్షిని బడ్జీ అని పిలిచేవాళ్లు తక్కువే. హైదరాబాద్ ముర్గీ చౌక్ నుంచి చిన్న పట్టణాల పెట్ షాపుల దాకా దీన్ని 'లవ్ బర్డ్స్' అనే అమ్ముతారు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు. ఇది ఆస్ట్రేలియాది, పూర్తి పేరు బడ్జెరిగర్. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పరదేశి అయిన బడ్జీకి ఆ ఇబ్బంది లేదు. పైగా ధర తక్కువ, చోటు తక్కువ, గోల కూడా తక్కువే. అపార్టుమెంటు బాల్కనీల్లో ఇంతగా స్థిరపడిపోవడానికి అవే కారణాలు.

రొమ్ము మీది ఆ బొడిపె సాధారణంగా లైపోమా, అంటే కొవ్వు కణాలు ఒకచోట గుమిగూడి ఏర్పడే గడ్డ. ఇది క్యాన్సర్ కాదు, ఇతర అవయవాలకు పాకదు. పెంపుడు పక్షులన్నిటిలోనూ బడ్జీలకు ఇది మరీ ఎక్కువ. ఎక్కువగా రొమ్ము ఎముక మీదో, పొట్ట మీదో పుడుతుంది. వేలితో తాకితే మెత్తగా ఉంటుంది, చర్మం కింద కాస్త కదులుతుంది. నొప్పి ఉండదు. కాబట్టి పక్షి కూడా చాలాకాలం ఏమీ పట్టనట్టే ఉంటుంది. ఇబ్బందంతా అది పెరిగాకే. 40 గ్రాముల పక్షికి నాలుగు గ్రాముల గడ్డ అంటే 60 కిలోల మనిషి ఆరు కిలోల మూట రొమ్ముకు కట్టుకుని తిరిగినట్టు లెక్క. ఎగిరితే బరువు ముందుకు లాగుతుంది. కూర్చుంటే గడ్డ కొమ్మకు ఒరుసుకుంటుంది. ఒరుసుకున్న చోట ఈకలు రాలి, చర్మం చిట్లి, నెత్తురు వస్తుంది. పక్షి దాన్ని పొడుచుకోవడం మొదలుపెడితే పుండు మానదు.

అయితే ప్రతి బొడిపే కొవ్వు గడ్డ కాదు. ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన విషయం అసలే కాదు. మెడ కింద, రొమ్ముకు పైభాగాన మేత నిలవుండే సంచి ఒకటి ఉంటుంది. కడుపునిండా తిన్నాక అది ఉబ్బి గడ్డలా కనిపించడం మామూలే, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. చర్మం పసుపు, నారింజ రంగుకు మారి దళసరిగా, గరుకుగా తయారైతే అది జాంతోమా అనే మరో రకం. దాన్ని మేతతో లొంగదీయడం కష్టం. ఆడపక్షికి పొట్ట కింది భాగం ఉబ్బి, తోక ఊపుతూ ముక్కుతోందంటే గుడ్డు అడ్డుపడిందేమో చూడాలి. అది గంటల వ్యవహారం. ఒక కాలు ఉన్నట్టుండి పట్టు తప్పితే మూత్రపిండం దగ్గరో, పునరుత్పత్తి అవయవాల దగ్గరో పెరిగిన కణితి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. బడ్జీల్లో ఇలాంటి కణుతులూ అరుదు కాదు. పశువైద్యుడు సన్నని సూదితో గడ్డలోంచి కాసిని కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూస్తే సంగతి చాలావరకు తేలిపోతుంది. ఊళ్లో పక్షులు చూసే డాక్టరు లేకపోతే వెటర్నరీ కళాశాలల ఆస్పత్రులున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో, చెన్నై వేపేరిలో ప్రభుత్వ కళాశాలలున్నాయి.

డాక్టరు లైపోమా అని తేల్చాడనుకుందాం. వెంటనే వచ్చే ప్రశ్న, తీసేయకూడదా అని. తీసేయవచ్చు. కానీ ఒక చిన్న లెక్క చూడండి. పక్షి ఒంట్లో నెత్తురు దాని బరువులో దాదాపు పదో వంతు. 40 గ్రాముల బడ్జీలో ఉండేది సుమారు నాలుగు మిల్లీలీటర్లు, ఒక టీస్పూను కూడా నిండదు. అందులో పదో వంతు, అంటే ఎనిమిది చుక్కల దాకా పోతే ఆరోగ్యంగా ఉన్న పక్షి తట్టుకుంటుంది. అంతకు మించితే భయపడాలి. లైపోమాకు రక్తనాళాలు బాగానే ఉంటాయి. పైగా మత్తులో ఉన్నంతసేపూ అంత చిన్న శరీరం వేడి కోల్పోతూనే ఉంటుంది. లావెక్కిన పక్షికైతే కాలేయంలో కూడా కొవ్వు పేరుకుని ఉండే అవకాశం ఎక్కువ, మత్తుమందు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అందుకే తెలిసిన డాక్టర్లు ముందు మేత మార్చమంటారు. చిన్నగా, మధ్యరకంగా ఉన్న గడ్డలు చాలావరకు దానికే తగ్గుముఖం పడతాయి. కొన్ని పూర్తిగా కరగవు గానీ పెరగడం ఆగిపోతుంది. ఆపరేషన్ తప్పకపోయినా అప్పటికి పక్షి బరువు తగ్గి ఉంటుంది కాబట్టి బతికి బయటపడే అవకాశం పెరుగుతుంది.

కొందరు ఇక్కడ ఇంకో లెక్క కూడా వేస్తారు. కొన్ని వందల రూపాయల పక్షికి ఇంత తతంగమా, కొత్త జత కొనుక్కుంటే పోలా అని. కొత్త జత వస్తుంది, అదే పంజరంలోకి. అదే గిన్నెలో అవే గింజలు తింటుంది. రెండు మూడేళ్లకు దాని రొమ్ము మీద కూడా బొడిపె కనిపిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఇంతకీ ఆ గిన్నెలో ఏముంది? దానికి జవాబు ఆస్ట్రేలియా నడిబొడ్డున మొదలవుతుంది. అడవి బడ్జీ దాదాపు 30 గ్రాముల పక్షి. ఎండిన గడ్డిమైదానాల్లో వానను వెతుక్కుంటూ వందలు, వేల గుంపులుగా తిరుగుతుంది. గింజ పట్టిన గడ్డి దొరికినచోట దిగుతుంది, అయిపోగానే లేస్తుంది. నీటికోసం ఎంతో దూరం ఎగురుతుంది. దొరికినప్పుడు కొవ్వు దాచుకోవడం, కరువులో దాన్ని ఖర్చుచేయడం దాని ఒంటికి అలవాటైన పద్ధతి. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండు తీసుకువెళ్లాడు. అక్కణ్నుంచి ప్రపంచమంతా పంజరాల్లోకి చేరాయి. ప్రదర్శనల కోసం పెద్ద తల, పెద్ద ఒళ్లు వచ్చేలా పెంచిన 'ఇంగ్లిష్' రకాలు 50 గ్రాములు దాటడం మామూలే, కొవ్వు గడ్డలు కూడా వాటికి ఎక్కువ. వంశంలోనే ఆ లక్షణం ఉన్న పక్షులు కొన్ని ఉంటాయి. మన ఇళ్లలో పెరిగే మామూలు రకానికి 30 నుంచి 40 గ్రాములు సరైన బరువు.

పంజరంలో దాచుకోవడం ఒక్కటే మిగిలింది, ఖర్చుచేసే కరువు రాదు. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంటుంది. నీళ్లు జానెడు దూరంలో. రోజంతా ఒకే కర్ర మీద కూర్చుని ఏం చేయాలో తోచక మళ్లీ తింటుంది. మనిషికి టీవీ ముందు చిప్స్ పొట్లం ఎలాగో దానికి గింజల గిన్నె అలాగ.

దుకాణాల్లో 'కంగ్నీ' అని తూచి ఇచ్చేది మన కొర్రలే. కొర్రలు చెడ్డవి కావు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల కొర్రల్లో కొవ్వు నాలుగు గ్రాముల పైచిలుకు, సజ్జల్లో అయిదు గ్రాములు. పొద్దుతిరుగుడు గింజల్లో అదే 50 గ్రాములు దాటుతుంది. కాబట్టి 'మిక్స్' పేరుతో అమ్మే పొట్లంలో నల్లచారల గింజలు కనిపిస్తే అవి బడ్జీకి అక్కర్లేదు, ఏరిపారేయండి. తేనె పూసి అతికించిన గింజల కడ్డీలు కూడా అంతే. టీలో ముంచిన బిస్కెట్టు, బూందీ, కారప్పూస, బ్రెడ్డు... పిల్లలు పంజరం ఊచల్లోంచి అందించే ఈ ముచ్చట్ల గురించి చెప్పనే అక్కర్లేదు. ఉప్పు, నూనె, చక్కెర ఈ పక్షికి ఏ రూపంలోనూ వద్దు. వెన్నపండు, అంటే అవకాడో మాత్రం నేరుగా విషం. ఈమధ్య మన బజార్లలో కూడా బాగా దొరుకుతోంది కాబట్టి గుర్తుపెట్టుకోవాలి.

కొర్రలతో అసలు చిక్కు అవి ఒక్కటే పెట్టడంలో ఉంది. ఒట్టి గింజల మేతలో విటమిన్ 'ఎ' లేదు, కాల్షియం బహుకొద్ది, అయొడిన్ చాలదు. అయొడిన్ చాలకపోతే థైరాయిడ్ మందగిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే తిన్నది ఖర్చుకాక కొవ్వుగా మారుతుంది. బడ్జీల్లో కొవ్వు గడ్డలకు ఇదీ ఒక కారణమని పశువైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అయొడిన్ కదా అని అయొడైజ్డ్ ఉప్పు కలపకండి, ఉప్పే దాన్ని చంపుతుంది. పక్షుల కోసం తయారయ్యే అయొడిన్ దిమ్మలు దొరుకుతాయి. చుక్కల మందైతే మోతాదు డాక్టరే చెప్పాలి. కాల్షియానికి మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు, అదే కటిల్‌ఫిష్ పెంకు, ఒకటి ఊచలకు కట్టేస్తే సరిపోతుంది.

ఇక పని మొదలుపెట్టేముందు కొనవలసింది ఒకటుంది. గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ తూకం. కొన్ని వందల రూపాయలకు వస్తుంది. పొద్దున్నే, మేత పెట్టకముందు, మొదటి రెట్ట వేశాక పక్షిని తేలికైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తూచండి. డబ్బా బరువు ముందే సున్నా చేసుకుంటే లెక్క తేలిక. అంకె ఒక నోటు పుస్తకంలో రాయండి. బరువు తగ్గిందో లేదో కంటితో చూసి చెప్పడం ఈ పక్షి విషయంలో కుదరదు. చిక్కి శల్యమైనా ఈకలు ఉబ్బించుకుని బొద్దుగానే కనిపిస్తుంది. వేలితో రొమ్ము ఎముక తడిమి చూడడం కూడా నేర్చుకోవాలి. ఎముక అంచు కత్తిలా తగిలితే బక్కది. రెండువైపులా కండరం ఉబ్బి మధ్యలో గాడి పడిందంటే లావుది. గడ్డను వారానికోసారి స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసుకుంటే నెల తర్వాత వాదన ఉండదు.

అంకె ఎంత తగ్గాలి? 48 గ్రాముల పక్షి ఉందనుకోండి. వారానికి ఒక గ్రాము చాలు. ఆ లెక్కన 40కి రావడానికి రెండు నెలలు పడుతుంది. అంతకంటే తొందరపడితే అసలు ప్రమాదం అక్కడే. మనుషులకు ఉపవాసం ఆరోగ్యమంటారు. బడ్జీకి ఒకరోజు నిరాహారం ప్రాణం మీదికి తెస్తుంది. లావెక్కిన పక్షికి తిండి ఒక్కసారిగా ఆగిపోతే ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారి కాలేయం మీద పడి అది చేతులెత్తేస్తుంది. కొన్నిరోజుల్లో బరువు పదిశాతం పడిపోయిందంటే మేత మార్చడం ఆపి, పాత గింజలు పెట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఈ విషయంలో గింజల గిన్నె చేసే మోసం ఒకటుంది. బడ్జీ గింజను పొట్టు ఒలుచుకుని తింటుంది, పొట్టును మళ్లీ గిన్నెలోనే రాలుస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండుగా ఉన్నట్టే ఉంటుంది. గిన్నె నిండా మేత ఉండగానే పక్షి ఆకలితో చచ్చిపోయిన ఇళ్లున్నాయి. గిన్నె మీద ఒకసారి ఊదితే పొట్టు ఎగిరిపోయి అడుగున ఏం మిగిలిందో తెలుస్తుంది. పొద్దునా సాయంత్రం ఊదడం అలవాటు చేసుకోండి. రెట్టలు లెక్కపెట్టడం రెండో ఆధారం. అవి తగ్గిపోయి, చిన్నవై, నల్లబడ్డాయంటే పక్షి తినడం లేదు.

మార్పు ఇలా మొదలుపెట్టవచ్చు. బడ్జీ రోజుకు తినేది ఒకటిన్నర, రెండు టీస్పూన్ల గింజలు. ముందు గిన్నె రోజంతా ఉంచడం మానేసి ఆ కొలతనే రెండు పూటలుగా పెట్టండి. పొద్దున ఒక టీస్పూను, సాయంత్రం ఒక టీస్పూను. మధ్యలో ఆకుకూరలు, కూరగాయలు. ఇది కుదిరాక వారాల మీద గింజలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, పక్షుల పెల్లెట్లు దొరికితే వాటిని కలుపుతూ పోవాలి. పెల్లెట్లు ఖరీదు, చిన్న ఊళ్లలో దొరకవు కూడా. దొరకకపోతే కొర్రలు, వరిగలు, కెనరీ సీడ్ కలిపిన గింజలతో పాటు రోజూ ఆకుకూర పడేలా చూసినా చాలా తేడా ఉంటుంది.

కొత్త తిండిని బడ్జీ అనుమానంగా చూస్తుంది. రెండు మూడు రోజులు పెట్టి 'మావాడు తినడండీ' అని మానేసేవాళ్లే ఎక్కువ. మూడు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. దాని స్వభావాన్నే వాడుకోవాలి. కొత్తిమీర కట్టో, మెంతికూర కట్టో బాగా కడిగి, నీళ్లు కారుతుండగానే ఊచలకు వేలాడదీయండి. ముందు దాంట్లో దొర్లి స్నానం చేస్తుంది. స్నానం చేస్తూ చేస్తూ రుచి చూస్తుంది. పెల్లెట్ల పొడి ఒక చిన్న అద్దం మీద చల్లితే, అద్దంలో ఇంకో పక్షి తింటోందనుకుని తానూ ముక్కు పెడుతుంది. గుంపులో బతికే ప్రాణి కదా, పక్కవాడు తింటే దానికి నమ్మకం. మీరు దాని ముందు కూర్చుని క్యారట్ నమిలినా ఫలితం ఉంటుంది. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మునగాకు, కొత్తిమీర, మెంతికూర, క్యారట్ తురుము, క్యాప్సికం, బ్రొకోలి బాగా పనికొస్తాయి. పాలకూర కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి చాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ రోజూ పెడితే థైరాయిడ్‌కు మంచిది కాదు. పండ్లలో చక్కెర ఎక్కువ, ఆపిల్ ముక్క వారానికి ఒకటి రెండుసార్లు, గింజ తీసేసి. పురుగుమందులు కొట్టని చోట గింజ పట్టిన గరిక కనిపిస్తే గుప్పెడు తెచ్చి వేయండి, దాని పూర్వీకులు తిన్నదీ గడ్డిగింజలే. మొలకెత్తిన గింజలూ మంచివే. మన ఎండల్లో మొలకలు, తరిగిన కూరలు గిన్నెలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, బూజు పడతాయి.

ఎల్-కార్నిటైన్ అనే పదార్థం గురించి కూడా డాక్టరును అడగవచ్చు. కొవ్వును కణాల్లో ఇంధనంగా మండించడానికి శరీరం వాడుకునే పదార్థమిది. బడ్జీల మేతలో దీన్ని కలిపి చూసిన ప్రాథమిక అధ్యయనం ఒకటి 2004లో అమెరికన్ పత్రికలో వచ్చింది, ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. అధ్యయనం చిన్నది. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్ల డబ్బాలోంచి తీసి మీరే పక్షికి పెట్టేయవద్దు.

తిండి తగ్గినంత మాత్రాన కండ రాదు. బడ్జీకి కండ అంటే రొమ్ము కండ, అది ఎగిరితేనే వస్తుంది. కొనేటప్పుడే రెక్కలు కత్తిరించి ఇచ్చే దుకాణాలున్నాయి. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా ఆగాలి, మళ్లీ కత్తిరించవద్దు. పంజరం విషయంలో నాదొక ఫిర్యాదు. మన దుకాణాల్లో పొడుగ్గా, గుండ్రంగా, గోపురంలాంటి పంజరాలే అందంగా పేర్చి ఉంటాయి. బడ్జీ హెలికాప్టర్ కాదు, నిట్టనిలువుగా ఎగరదు. దానికి కావలసింది పొడవు. రెండు చివర్లా ఒక్కో కొమ్మ పెట్టి మధ్య ఖాళీ వదిలితే రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది. గింజలు ఒక చివర, నీళ్లు రెండో చివర పెట్టండి. నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసేసి వేప, జామ కొమ్మలు లావూ సన్నమూ కలిపి పెడితే కాళ్లకూ పని ఉంటుంది. గింజల్లో సగం గిన్నెలో కాకుండా కాగితం పొట్లాల్లో చుట్టి, కొబ్బరిపీచులో దాచి పెడితే వెతుక్కుంటుంది.

పంజరం బయట ఎగరనివ్వడం ఇంకా మేలు. దానికి ముందు గదిని చూసుకోవాలి. మన ఇళ్లలో పిల్లి కంటే సీలింగ్ ఫ్యాన్‌తోనే పెద్ద ప్రమాదం. స్విచ్ కట్టేస్తే చాలదు, రెక్కలు పూర్తిగా ఆగేదాకా పంజరం తలుపు తీయవద్దు. స్విచ్ మీద కాగితం అంటించండి, ఇంట్లో ఎవరో ఒకరు అలవాటుగా వేసేస్తారు. కిటికీలు మూసి తెరలు వేయండి, అద్దం మీద దుప్పటి కప్పండి, నీళ్ల బకెట్‌కు మూత పెట్టండి. వంటింటి తలుపు తప్పనిసరిగా మూయాలి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు వాసన తెలియకముందే పక్షిని చంపుతుంది.

ఏళ్ల తరబడి కూర్చున్న పక్షిని మొదటిరోజే గది చుట్టూ తరమకండి. అది వ్యాయామం కాదు, గుండెకు పరీక్ష. మొదటి వారం నిచ్చెన ఎక్కించడం, వేలు మీద కూర్చోబెట్టుకుని చేతిని మెల్లగా కిందికి దించడం చాలు. చెయ్యి దిగుతుంటే నిలదొక్కుకోవడానికి రెక్కలాడిస్తుంది. తర్వాత రెండు కుర్చీల వీపులు మూరెడు దూరంలో పెట్టి ఒకదాని మీంచి ఒకదాని మీదికి పిలవండి. వారం వారం దూరం పెంచండి. రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు. ముక్కు తెరిచి రొప్పుతున్నా, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టినా వెంటనే ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున తప్ప ఈ పని పెట్టుకోకండి. కొవ్వు పట్టిన ఒళ్లు వేడిని వదిలించుకోలేదు, వడదెబ్బకు ముందు పడిపోయేది లావు పక్షే.

గడ్డ కొమ్మకు ఒరుసుకుంటోందంటే పక్షి ఎక్కువసేపు కూర్చునేచోట సన్నకొమ్మ బదులు చదునైన చెక్క అమర్చండి. గడ్డ మీద పసుపు, ఆముదం, వేపనూనె రాయకండి. నూనె అంటిన ఈకలు అట్టకట్టి ఒళ్లు చల్లబడిపోతుంది, పక్షి దాన్ని నాకి కడుపులోకి కూడా పంపిస్తుంది. దారం కట్టి బిగించడం, సూదితో పొడిచి పిండడం గురించి కూడా అక్కడక్కడా సలహాలు వినిపిస్తాయి. ఇందాక చెప్పిన ఎనిమిది చుక్కల లెక్క అలాంటప్పుడు గుర్తుచేసుకోవాలి.

పంజరంలో రెండు పక్షులుంటే ఇంకో ఇబ్బంది. లావుదానికి తగ్గిస్తే బక్కది నలుగుతుంది. అందుకని గింజలు పెట్టే రెండుపూటలా ఒక అరగంట వేరుచేసి తినిపించి మళ్లీ కలిపేయడం మంచిది. పూర్తిగా విడదీయవద్దు, ఒంటరి పక్షి ఇంకా తక్కువ కదులుతుంది. తూకం రెంటికీ వేయాలి.

రెండు మూడు నెలలు ఇలా చేశాక బరువు దిగి, గడ్డ మాత్రం మొండికేసిందనుకోండి. ఎగరడానికి అడ్డం రాకుండా, చర్మం బాగుంటే దాన్ని అలా వదిలేయవచ్చు. వయసు మళ్లిన పక్షికైతే అదే మంచిది. పెరుగుతూనే ఉన్నా, గట్టిపడినా, చర్మం చిట్లి నెత్తురు కారుతున్నా, మలద్వారానికి అడ్డం పడుతున్నా అప్పుడు ఆపరేషన్ మాట ఎత్తాలి. ఐసోఫ్లూరేన్ వంటి వాయురూప మత్తుమందు, రక్తనాళాలను మూసే విద్యుత్ పరికరం ఉన్నాయా, పక్షులకు ఇంతకుముందు చేశారా అని ముందే అడగండి. అడిగినందుకు నొచ్చుకునే డాక్టరైతే ఇంకొకరిని వెతుక్కోవచ్చు. ఆపరేషన్ అయి ఇంటికి తెచ్చాక పాత గిన్నె మళ్లీ నింపిపెడితే ఇంకోచోట ఇంకో గడ్డ పుట్టవచ్చు. కుట్లు మానేదాకా తూకం రోజూ వేయాలి, ఆ తర్వాత వారానికోసారి చాలు.